ఒక్కడికి వండడం రాని హవల్దారు

హవల్దారు దైవాధీనం వందమందికి వండగలడు. రెండువందలమందికైనా సరే, ముఖాన చెమట పట్టకుండా వండగలడు. ఒక్కడికి వండమంటే మాత్రం ఆయనకు చేతకాదు.

ఇందులో ఆయన తప్పేం లేదు. పెద్ద యుద్ధం నాడు మద్రాసు వెళ్లి పట్టాళంలో చేరినప్పుడు తుపాకీ ఇస్తారనుకున్నాడు. తెడ్డు ఇచ్చారు. బర్మా అడవుల్లో, కాశ్మీరు మంచులో, తర్వాత ఎక్కడ దింపితే అక్కడ, నేలలో పొడుగ్గా గాడిపొయ్యి తవ్వించి కంపెనీ మొత్తానికి అన్నం పెట్టాడు. ఉప్పు గుప్పెళ్లతో వేయడమే గాని చెంచాతో వేసి ఎరగడు. పెన్షన్ పుచ్చుకుని బందరు ఇంగ్లీషుపాలెంలో రెండు గదుల పెంకుటింట్లో దిగాక, ఇంటి వంట భార్య సీతమ్మది, చర్చి విందుల వంట ఆయనది. ఆ పంపకంలో ఏనాడూ తగవు రాలేదు. మొన్న ఉప్పెన దివిసీమను ఊడ్చుకుపోయినప్పుడు కూడా చర్చివాళ్ల లారీ ఎక్కి అవనిగడ్డ వెళ్లి, బురదలో పొయ్యి నిలబెట్టి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు వడ్డించాడు. అరవై దాటిన మనిషి ఆ వారాల్లో నలభై ఏళ్లవాడిలా తిరిగాడని చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఆ తర్వాతి వేసవిలో సీతమ్మ పోయింది.

కూతురు అన్నమ్మ గుడివాడలో పంతులమ్మ. అల్లుడు రత్నరాజు తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఇద్దరూ మంచివాళ్లు. చెడ్డవాళ్లయితే ఎదురుతిరగొచ్చు, మంచివాళ్లతోనే చిక్కు. ఆయన్ని గుడివాడ తీసుకెళ్లి, వసారాలో పేముకుర్చీ వేసి, పేపరు చేతికిచ్చారు. బకెట్టు ఎత్తబోతే "కూర్చోండి నాన్నా" అనేది అన్నమ్మ. సంచీ పుచ్చుకుని బజారుకు బయల్దేరితే "మీకెందుకండీ, కూర్చోండి మావయ్యగారూ" అనేవాడు అల్లుడు. ఆఖరికి పాలవాడు కూడా, "మీరు లేవమాకండి తాతగారూ, గిన్నె నేనే అందుకుంటా" అనడం నేర్చుకున్నాడు.

"జపానువాడు కూడా నన్నిన్నిసార్లు కూర్చోబెట్టలేదు" అన్నాడు దైవాధీనం. అందరూ నవ్వి, ఇంకో దిండు తెచ్చి వీపు వెనకాల పెట్టారు.

ఒక శనివారం కూతురూ అల్లుడూ ఊళ్లో పెళ్లికి వెళ్తూ, "గంటలో వచ్చేస్తాం మావయ్యగారూ, ఏమీ ముట్టుకోకండేం" అన్నాడు అల్లుడు. ఆ ఆఖరి మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. వాళ్లొచ్చేసరికి ఫలహారం సిద్ధంగా ఉండాలని 'కాస్తంత' ఉప్మా మొదలుపెట్టాడు. రవ్వ పోస్తే ఎసరు ఎక్కువనిపించింది. ఇంకాస్త రవ్వ పోశాడు. ఎసరు తక్కువనిపించింది. నీళ్లు పోశాడు. గిన్నె చాలక నీళ్లకాగులోకి మార్చాడు. ఇంటివాళ్లు తిరిగొచ్చేసరికి నెలకు సరిపడా రవ్వ కాగు నిండా కుతకుతలాడుతోంది.

రత్నరాజు పెళ్లికి వేసుకున్న ఇస్త్రీ చొక్కాతోనే ఇంటింటికీ తిరిగి ఉప్మా పంచాడు. తన పై ఆఫీసరుగారింట్లో కూడా ఇవ్వక తప్పలేదు. "ఏమిటండీ విశేషం?" అని ఆఫీసరుగారి భార్య అడిగితే ఏం చెప్పాలో తోచక, "మా మావయ్యగారి పుట్టినరోజండీ" అనేశాడు. సాయంత్రానికి వీధిలో సగంమంది పెద్దాయనకు శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చారు. వాళ్లందరికీ టీలు కాచలేక అన్నమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

"ఉప్మా ఒక్కరైనా తినకుండా వదిలిపెట్టారా?" అన్నాడు దైవాధీనం.

"నాన్నా, అది కాదండీ ప్రశ్న."

"మా వంటవాళ్లకు అదే ప్రశ్న."

మర్నాటి నుంచి వంటింటికి గొళ్లెం పడింది. వారం తిరక్కుండా ఆయన ఇనప్పెట్టె భుజాన పెట్టుకుని, పేముకుర్చీలో దిండును నిలబెట్టి, బందరు పాసింజరు ఎక్కేశాడు.

వెనకాలే అన్నమ్మ వచ్చింది. తండ్రి ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదు. అరుగు మీద కూర్చుని టీలో రస్కు ముంచుకుంటున్నాడు.

"ఇక్కడ మీకు వండేదెవరు నాన్నా?"

"వంటవాణ్ణి పట్టుకుని వండేదెవరంటావేమిటే?"

"కాగుడు వండి కాగుడూ మీరే తింటారా?"

ఆయన ఇంకో రస్కు అందుకున్నాడు. అన్నమ్మ గొంతు తగ్గించింది. "చూడండి. దసరా సెలవులకి వస్తాను. అప్పటికి మీ చేత్తో మీరు వండుకుని రెండు పూటలా తింటూ ఉంటే నేను నోరెత్తను. లేదా, మారుమాట లేకుండా నాతో బండెక్కాలి. ఈ ఇల్లు ఎవరికన్నా అద్దెకిచ్చేద్దాం."

"ఇంకో షరతు లేదు కదా?"

"లేదు."

"అయితే సరే."

సరే అన్నాడే గాని, ఆ మర్నాటి నుంచి మొదలైంది అవస్థ. గ్లాసుడు బియ్యం గిన్నెలో పోస్తే ఆయనకు అది వంటలా కనపడేది కాదు, కోడిపిల్లలకు చల్లడానికి తీసినట్టు ఉండేది. మంట చిన్నగా పెట్టడం చేతకాక మొదటిరోజే సత్తుగిన్నెకు చిల్లి పడింది. రెండోరోజు పప్పులో ఉప్పు ఎంత పడిందంటే, గుమ్మం ముందు పడుకునే కుక్క ఒకసారి నాకి, పక్కవీధి కుక్కల దగ్గరికి వెళ్లిపోయి రెండ్రోజులు రాలేదు. కూరలో కారం సగానికి తగ్గించాడు, ఆ సగం నలభైమందికి సరిపోయేది.

గోడ అవతలి ఇల్లు అబ్దుల్ గఫార్‌ది. తోపుడు బండి మీద పళ్లమ్ముతాడు. అతని భార్య ఖైరున్ బీ. అవి రంజాను రోజులు. తాను ఉపవాసం ఉండి కూడా ఆవిడ మధ్యాహ్నమయ్యేసరికి గోడమీద ఓ పళ్లెం పెట్టి దాని మీద ఇంకో పళ్లెం బోర్లించేది. దైవాధీనం ఆ పళ్లేలను వచ్చినవి వచ్చినట్టే వెనక్కి జరిపేవాడు.

"తినండి అన్నయ్యగారూ. మీవైపు నుంచి గాలి తప్ప ఏదీ ఉడుకుతున్న వాసన రావడంలేదు."

"మిలిట్రీవాడు చెయ్యి చాచడు చెల్లెమ్మా."

"మిలిట్రీవాడు రస్కులు తిని చస్తాడా?"

"చస్తే నిలబడి చస్తాడు."

నిలబడడమే కొంప ముంచింది. రస్కుల మీద బతికేసరికి నడుం సన్నబడింది. ఒక ఆదివారం చర్చిలో ఆఖరి దీవెనకు అందరూ లేచి నిలబడ్డారు. దైవాధీనం కూడా అటెన్షన్‌లో లేచి రెండు చేతులూ జోడించాడు. జోడించగానే ఖాకీ ప్యాంటు మోకాళ్ల దాకా జారిపోయింది. ఆయన అందుకునేలోగా వెనక వరసల ఆడవాళ్లందరూ పాటల పుస్తకాల్లోకి మహా భక్తిగా తలలు దించేశారు. "ఆమెన్" మటుకు ఆ రోజు మామూలు కన్నా గట్టిగా వినపడింది.

జనం వెళ్లేదాకా ఆయన వెనక బల్ల మీదే కూర్చుండిపోయాడు, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని. ఈ కబురు సాయంత్రం బండికే గుడివాడ చేరుతుందని తెలుసు. పేముకుర్చీ కళ్ల ముందు ఆడింది.

అప్పుడు స్త్రీల సమాజంవాళ్లు గుప్పెడు బియ్యం పోస్తున్నారు. ఆ సంఘంలో ఆడవాళ్లు పూటపూటా ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు. సీతమ్మ కూడా వేసేది. నెలకోసారి ఆ కుండలన్నీ చర్చికొస్తాయి. కుండల్లో బియ్యం గోనెలోకి జలజలా పడుతుంటే పాస్టరు అయ్యగారి భార్య నిట్టూర్చింది.

"పోయిన నెల గోనె ఇంకా గదిలోనే ఉంది. వేలంపాటకు పెడితే ఒక్కరూ ముందుకు రావట్లేదు. అన్ని ఇళ్ల బియ్యమూ కలిసిపోయాయి కదా, కోళ్ల దాణాకైతే తీసుకుంటామంటున్నారు."

"నాకివ్వండి అమ్మగారూ" అన్నాడు దైవాధీనం వెనక నుంచి.

"మీ ఒక్కరికీ రెండు గోనెలేం చేసుకుంటారండీ?"

"నా ఒక్కడికీ అనలేదుగా" అని లేచాడు, నడుం వదలకుండా.

ఆయన రోజూ టీ తాగే కొట్టు పెద్దాసుపత్రి గేటు ఎదురుగా ఉంది. ఆ ప్రహరీ పక్కన, వేపచెట్ల కింద, దివిసీమ నుంచి రోగులతో వచ్చినవాళ్లు మూటలు తల కింద పెట్టుకుని పడి ఉండేవాళ్లు. లోపల మంచం మీద ఉన్నవాళ్లకు భోజనం వచ్చేది. బయట కనిపెట్టుకుని ఉన్నవాళ్లు టీలో రస్కులు ముంచుకునేవాళ్లు. ఇన్నాళ్లూ వాళ్ల పక్కన తనూ ముంచుకున్నాడు. చర్చిలో గోనెను చూశాకే ఆయనకు ఆ బియ్యమూ ఈ జనమూ ఒకచోట కలిశాయి. తను వంటను ఒక్కడికి కుదించుకోవలసిన అవసరమేముంది? మిగతా తొంభైతొమ్మిదిమందీ అక్కడే ఉన్నారు.

రంజాను అయిపోయి, మసీదులో గంజి కాచే పెద్ద డేగిసా బోర్లించి ఉంది. గఫార్ వెళ్లి అడిగి తెచ్చాడు. పెరట్లో గాడిపొయ్యి తవ్వారు. ఉప్పెనకు విరిగిన సరుగుడు మొద్దులు ఊరి నిండా ఉన్నాయి. తెడ్డు పట్టుకోగానే దైవాధీనం గొంతు మారిపోయింది. "గఫార్, నిప్పు ఎడమకు. ఇంకా ఎడమకు" అంటుంటే, పొద్దున్నే పళ్లబండి పని ఆపుకొచ్చిన గఫార్, "ఈయన వంట చేస్తున్నాడా, వంతెన పేలుస్తున్నాడా" అని భార్యతో గొణిగాడు.

అన్నం, పప్పు. బండి మీద డేగిసా పెట్టుకుని ఆసుపత్రి గేటు దాకా ఊరేగింపులా వెళ్లారు. గేటు దగ్గర వాచ్‌మన్ నాంచారయ్య, "ఏంటి మిలిట్రీ, ఎవరి పెళ్లి?" అన్నాడు. విస్తళ్లు పరిచారు. వడ్డించారు. అందరూ మర్యాదగా తింటున్నారు. ఆ మర్యాదే దైవాధీనానికి అనుమానం కలిగించింది. ఆకలిగొన్నవాళ్లు అంత మర్యాదగా తినరు.

కోడూరు నుంచి భర్తను తీసుకొచ్చిన ముత్యాలమ్మ ఒక్కతే నిజం చెప్పింది.

"తాతా, నీ అన్నంలో సగం మెతుకులు పెళ్లికొచ్చినట్టు బిర్రుగా ఉన్నాయి. సగం చావుకొచ్చినట్టు కూలబడిపోయాయి."

ఆయన ఒక ముద్ద నోట్లో వేసుకున్నాడు. నిజమే. అన్ని ఇళ్ల గుప్పెళ్లు. పాత సార్వా పంట బియ్యం, నిన్న ఆడించిన దాళ్వా పంట బియ్యం, చౌకదుకాణం బియ్యం, మధ్యలో ఎవరో పుణ్యాత్మురాలి ఉప్పుడు బియ్యం. కొన్ని ఉడికేసరికి కొన్ని పేస్టయిపోయాయి. పట్టాళంలో బస్తా అంతా ఒకే రకం. ఇలాంటి బియ్యం ఆయన జన్మలో వండలేదు.

మిగిలిన అన్నంతో బండి వెనక్కొచ్చింది. పెరట్లో ఆయన తెడ్డు గోడకు ఆనించి, దానికి వీపు తిప్పి కూర్చున్నాడు. దసరాకు ఇక ఎంతో లేదు.

ఖైరున్ బీ గోడమీంచి చూసింది. "ఏం అన్నయ్యగారూ, ఓడిపోయారా?"

"మిలిట్రీలో ఓడిపోవడం ఉండదు. వెనక్కి తగ్గడం ఉంటుంది."

"ఎందాకా తగ్గుతారు? గుడివాడ దాకానా?"

ఆయన డేగిసా మీద మూత లాగి పెట్టాడు.

"ఉడికేదాకా ఉడకనివ్వండి ఆ బియ్యాన్ని" అంది ఆవిడ. "అన్నీ కలిసిపోయేదాకా. మసీదుకి మాత్రం ఒకే ఇంటి బియ్యం వస్తాయా ఏంటి? అందుకేగా గంజి కాచేది."

"గంజా? గుడ్డలకు పెట్టేదా? నేను హవల్దారునమ్మా. సిపాయిలకు వడ్డించినవాణ్ణి."

"అక్కడ కూర్చున్నవాళ్లేమన్నా కుస్తీలకొచ్చారా? రాత్రంతా మేలుకుని, గొంతులో ముద్ద దిగనివాళ్లు. మీ పరువు కోసం వాళ్లు బిర్రుగా తినాలా?"

అనేసి ఆవిడ దిగిపోయింది. దైవాధీనం చల్లారుతున్న పొయ్యిలో బొగ్గులు ఎగదోశాడు. తర్వాత లేచి, ఎవరూ వినకుండా, "పెసరపప్పు వెయ్యాలి. అల్లం, మిరియాలు" అన్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి గంజి తయారు. సార్వా, దాళ్వా, చౌకదుకాణం, అన్నీ తెడ్డు కింద భేదం మర్చిపోయి చిక్కగా, వెన్నలా జారుతున్నాయి. గేటు దగ్గర ఈసారి మర్యాదలు లేవు. చెంబులు, గ్లాసులు, టిఫిను డబ్బా మూతలు పట్టుకుని తోసుకున్నారు. నాంచారయ్య కూడా రోగుల గురించి ఏదో అడుగుతున్నట్టు వచ్చి, చేతిలో దాచిన గ్లాసు ముందుకు చాచాడు. ముత్యాలమ్మ రెండోసారి వచ్చింది.

"ఉప్పు కాస్త తగ్గింది తాతా."

"రేపు చూస్తాలే" అన్నాడు ఆయన కోపంగా. ఆ కోపం ఆయన ముఖానికి ఎంత బాగా నప్పిందంటే, గఫార్ పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

అందరికీ పోశాక డేగిసా అడుగున మిగిలింది ఒక గిన్నెడు. ఆయన బండి చక్రానికి ఆనుకుని నిలబడి సగం తాగాడు. మిగతాది సాయంత్రానికి మూతపెట్టి ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ మర్నాడు ఖైరున్ బీ గోడమీద పళ్లెం పెట్టలేదు. గుప్పెడు బియ్యం పెట్టింది. వచ్చిన ప్రతి పళ్లేన్నీ వెనక్కి జరిపిన మనిషి ఆ గుప్పెడు బియ్యాన్ని రెండు చేతులా పుచ్చుకున్నాడు. ఆ వరసలో ఉన్న సాయిబుల ఇళ్లన్నీ క్రమంగా గుప్పెళ్లు తీయడం మొదలుపెట్టాయి.

దసరా సెలవులు ఇచ్చిన మర్నాడే అన్నమ్మా రత్నరాజూ పొద్దుటి బండికి దిగారు. పెరట్లో పొగ చూసి రత్నరాజు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఉప్మా రోజు గుర్తొచ్చినట్టుంది.

అన్నమ్మ ముందు వంటింట్లోకి వెళ్లింది. చిన్నపొయ్యి చల్లగా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి, వాటిమీద దుమ్ము. ఆవిడ చిల్లిపడ్డ సత్తుగిన్నె పట్టుకుని పెరట్లోకొచ్చింది.

"నాన్నా, ఏదీ మీ వంట?"

దైవాధీనం తెడ్డుతో డేగిసా చూపించాడు.

"ఊరికి వండడం కాదు నేనన్నది. మీకు మీరు వండుకోమన్నాను."

"రెండు పూటలా నా చేత్తో వండింది నేను తినాలన్నావు. తింటున్నాను. నా పక్కన ఇంకెంతమంది తినొచ్చో షరతులో చెప్పలేదు."

"ఈ వయసులో ఆసుపత్రి గేటు ముందు గంజి పోస్తున్నారని గుడివాడలో నలుగురూ అడుగుతుంటే నేను తలెక్కడ పెట్టుకోను? కూతురు అన్నం పెట్టట్లేదనుకోరూ?"

"ఉప్మా పెట్టానని చెప్పు."

రత్నరాజు దగ్గాడు. అన్నమ్మ నవ్వలేదు. గఫారూ, ముత్యాలమ్మా, ఇంకో ఇద్దరూ కలిసి డేగిసాను బండి మీదికి ఎత్తుతున్నారు. దైవాధీనం పక్కన నిలబడి లెక్క చెబుతున్నాడే తప్ప చెయ్యి వేయడం లేదు. అది ఆవిడ కనిపెట్టింది.

"ఎత్తలేరు కదా నాన్నా. దాచకండి. రేపు జ్వరమొచ్చి పడుకుంటే మిమ్మల్ని ఎవరు చూస్తారు?"

దైవాధీనం చెబుతున్న లెక్క మధ్యలో ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఆగిపోయారు. గోడమీంచి ఖైరున్ బీ మాట వినపడింది.

"అన్నమ్మతల్లీ, ఒక సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఈయన ఒక్క పూట గేటు దగ్గర కనపడకపోతే అంతమంది చెంబులు పట్టుకుని ఈ ఇంటి మీదికి వస్తారు, ఏడీ మిలిట్రీ అని. మీ వసారాలో ఈయన ఒక పూట లేవకపోతే, నువ్వు బడి నుంచి వచ్చేదాకా తెలిసేదెవరికి?"

అన్నమ్మ చేతిలో ఉన్న చిల్లిగిన్నెను అరుగు మీద పెట్టింది. కాసేపు డేగిసా వంక చూసి, బండి మీద వేలాడుతున్న గ్లాసు అందుకుని, తనే ముంచుకుని రెండు గుక్కలు తాగింది.

"అల్లం ఎక్కువైంది" అంది.

"అమ్మాయ్, గేటు దగ్గర చెంబులున్నవాళ్లు కుడివైపు, లేనివాళ్లు నీ వెనకాల" అన్నాడు దైవాధీనం. "అల్లుడుగారూ, నిలబడతారేం, ఆ తెడ్డు అందుకోండి. కలపడం ఆపితే గడ్డకడుతుంది."

రత్నరాజు మళ్లీ ఇస్త్రీ చొక్కాతోనే వచ్చాడు పాపం. గేటు దగ్గరికి చేరేసరికి చొక్కా ముందుభాగమంతా గంజి పెట్టినట్టు పెళుసెక్కింది. అన్నమ్మ మధ్యాహ్నం దాకా వడ్డించింది. ఒక ముసలమ్మ, "నువ్వు మిలిట్రీ కూతురివా తల్లీ? గొంతు అదే" అంటే, ఎందుకో ఆవిడకు తల ఎత్తుకోవాలనే అనిపించింది.

సాయంత్రం బండికి ఇద్దరే బయల్దేరారు. రిక్షా ఎక్కుతూ అన్నమ్మ, "క్రిస్మస్‌కి మటుకు గుడివాడ రావాలి మీరు. అదైనా వింటారా?" అంది.

"పండగపూట ఆసుపత్రిలో జనం ఉండరనుకున్నావా? మీరే రండి" అన్నాడు దైవాధీనం. "అల్లుడుగారికి పాత చొక్కా తెమ్మను."